అచ్చాయమ్మ చూసొచ్చిన చెయ్యి

ముత్యాలుది ఒక్కటే భయం. మత్తుమందు వాసన చూపించి బల్ల మీద పడుకోబెట్టాక తను మళ్ళీ కళ్ళు తెరవకపోతే, ఏడాదిన్నర పిల్ల నాలుగు రోజులు ఏడ్చి, ఆ తర్వాత తన మొహం మరిచిపోతుంది. కత్తి కన్నా, నొప్పి కన్నా, తొడ మీద ఎవరి చూపు పడుతుందోనన్న సిగ్గు కన్నా ఆ మరుపే ఆమెకి పెద్ద భయం.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకుందామంటే వినే తీరిక ఇంట్లో ఎవరికుంది కనక? అత్తగారు అచ్చాయమ్మ నిన్న తెల్లారగట్ల గుడ్డసంచీ చంకన పెట్టుకుని గుమ్మం దిగింది. ఇంతవరకూ జాడ లేదు.

"వాడపల్లి స్వామి దర్శనానికి వెళ్తున్నానని నీతో చెప్పిందా, నాతో చెప్పిందా?" అన్నాడు భర్త బంగారయ్య. పొద్దుటినుంచీ ఇదే ప్రశ్న.

"గోడతో చెప్పేరు. ఇద్దరం విన్నాం" అంది ముత్యాలు.

నిజమే. నాలుగు రోజుల కిందట తగువైన దగ్గర్నుంచీ అచ్చాయమ్మ ఏం చెప్పాలన్నా గోడవైపు తిరిగే చెబుతూ వచ్చింది. ఉప్పు తక్కువైందని గోడకి చెప్పింది. పిల్లకి నూనె రాయమని గోడకి చెప్పింది. కాకినాడ పెద్ద డాక్టరు దగ్గర ఆపరేషనా, ఏటవతల నరసాపురం ఆడ డాక్టరు దగ్గరా అన్న మాట మీద కొడుకు ఒకలా, కోడలు ఒకలా మాట్లాడేసరికి, "నన్నడిగేవాళ్ళెవరు ఈ కొంపలో!" అని గోడకే చెప్పి పడుకుంది.

"అమ్మ దేనికంత అలిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు" అన్నాడు బంగారయ్య.

"మీరు కాకినాడ అన్నారు. నేను నరసాపురం అన్నాను. ఆవిడేవంటారని ఇద్దరం అడగలేదు."

బంగారయ్య పిల్లని ఎత్తుకుని వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. పిల్ల బుల్లి దుర్గ తల్లివైపు చేతులు చాపి వంగిపోతోంది. ముత్యాలు పీటమీంచి లేవబోయి, ఎడమ తొడ చీర కింద ఒరుసుకుని చురుక్కుమనేసరికి మళ్ళీ కూర్చుండిపోయింది.

పిల్ల పుట్టాక బోదజ్వరాలు వరసపెట్టి వచ్చి ఆ తొడ వాచింది. ఏడాదిపాటు గుడ్డపట్టీలు బిగించి కట్టగా కట్టగా వాపయితే తీసింది గాని, సాగిపోయిన చర్మం తొడ లోపలివైపు ఖాళీ సంచీలా వేలాడుతూ ఉండిపోయింది. నడిస్తే ఒరుసుకుంటుంది. ఒరుసుకున్నచోట పుండు పడుతుంది. పుండు పడితే మళ్ళీ చలిజ్వరం. పొయ్యి దగ్గర గొంతుక్కూర్చోలేదు. పిల్లని చంకనేసుకుని వీధి గుమ్మం దాకా వెళ్ళలేదు. ఆ వేలాడే చర్మం కోసి తీసేసి కుట్టెయ్యొచ్చని డాక్టర్లిద్దరూ అన్నారు. ఇద్దరికీ కుదిరింది ఆ ఒక్క మాటే.

"ఇదుగో, ఇలా ఇయ్యండి" అంది ముత్యాలు. కూర్చున్నచోటే పిల్లని కుడికాలి మీదకి తీసుకుంది. పిల్ల వెంటనే నోరు మూసింది. బంగారయ్య మొహం చిన్నబోయింది.

"నా దగ్గరుంటే ఏవిటో దీనికి!"

"మీ మీసం గుచ్చుకుంటుందండి."

అంత బెంగలోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఆ నవ్వు ఆరకుండానే వీధిలో చెప్పుల చప్పుడైంది. బంగారయ్య పినతండ్రి అప్పారావుగారు వచ్చాడు. అమలాపురంలో ప్లీడరుగారి దగ్గర గుమాస్తా. అందుకని ఏ చిన్న కబురైనా సాక్షి పేరు లేకుండా చెప్పడు.

"అబ్బాయ్, వదినగారు వాడపల్లిలో లేరు" అన్నాడు చెప్పులు విడుస్తూనే. "నిన్న సఖినేటిపల్లి రేవులో నరసాపురం పడవెక్కేరు. చూసింది ఎవరు? మన సుందరి. రేవులో ఇల్లు, కళ్ళు బాగానే ఆనతాయి, వదినగారికి పినతల్లి కూతురు. ఇంతకన్నా ఏం కావాలి?"

"నరసాపురమా!" బంగారయ్య అరుగు మీద కూలబడ్డాడు. "అయితే ఆ డాక్టరమ్మతో దెబ్బలాటకి వెళ్ళింది."

"వెళ్ళనీవోయ్. మనకొచ్చిన నష్టమేవుంది? కాకినాడలో సోమవారం పొద్దుటికి ఖాయం చేసుకొచ్చేనా లేదా? ఆయనంటే మాటలా! కర్నూలునుంచి మంత్రులొచ్చినా ఆయన దగ్గరికే వెళ్తారు. ఆ హస్తవాసే వేరు. మా ప్లీడరుగారి బావమరిదికి..." అని ముత్యాలువైపు చూసి ఆగిపోయి, "ఎక్కడో లే, అదంతా ఎందుకు. ఇంత వాపు. పది రోజుల్లో సైకిలెక్కేడు."

"చినమావయ్యగారూ" అంది ముత్యాలు, తల వంచుకునే. "ఆయన నా కాలు చూడలేదండి."

"చూడ్డం దేనికమ్మా? బంగారయ్య వివరంగా చెప్పేడు కదా. మనింటి ఆడపిల్లని బల్లెక్కించకుండానే విషయం కనిపెట్టేరు. అదీ మర్యాద తెలిసిన మనిషంటే. ముప్పావుగంట పని, మచ్చ కూడా పెద్దగా తెలియదన్నారు. మరి మీ నరసాపురం ఆవిడ?"

ముత్యాలుకి నరసాపురం వెళ్ళిన రోజు గుర్తొచ్చింది.

నరసాపురం ఆడ డాక్టరు పేరు సావిత్రమ్మగారు. తలుపులన్నీ వేయించి, హన్నా అనే నర్సుని తప్ప అందర్నీ బయటికి పంపి, ముత్యాలుని నిలబెట్టి, నడిపించి, కూర్చోబెట్టి, తొడ చుట్టూ టేపు పెట్టి కొలిచింది. చర్మం వేళ్ళతో పట్టి ఎంత సాగుతుందో చూసింది. తర్వాత చెప్పిందంతా బెదరగొట్టే మాటలే. మోకాలిదాకా పొడుగు మచ్చ పడుతుంది. నెల్లాళ్ళు మంచం. ఆ పైన కూడా కొన్నాళ్ళు పిల్లని ఎత్తకూడదు. ఇలాంటివి తను చేసినవి ఆరే. అందులో ఒకామెకి మళ్ళీ వాచింది. ఆపరేషనుకి ముందు నెల్లాళ్ళలో జ్వరం తగిలితే కత్తి పట్టదు. "వద్దనుకుంటే మానెయ్యమ్మా, నేనేం అనుకోను" అని కూడా అంది.

అప్పారావుగారు కండువా దులుపుకుని లేచాడు. "ఎవరైనా తన సరుకు తనే పాడని చెప్పుకుంటారా? ఆవిడకి చెయ్యడం రాక చెప్పింది. సోమవారం. గుర్తుంచుకో అబ్బాయ్" అని వెళ్ళిపోయాడు.



వసారాలో బంగారయ్య బేరానికి కొన్న కొబ్బరికాయల రాశి ఉంది. బంగారయ్యకి ఊరికే కూర్చోవడం చేతకాదు. ఒక్కో కాయా తీసి చెవి దగ్గర పెట్టి ఊపి, నీళ్ళు ఆడినవి ఒకవైపు, ఆడనివి ఒకవైపు వేస్తున్నాడు.

"ఏవండీ."

"ఊఁ."

"ఇవన్నీ తోటలో చూసే కొన్నారు కదా. మళ్ళీ ఊపుతారెందుకు?"

"చెట్టుమీద కనపడుతుందా ఏవిటి లోపలేవుందో?"

"పోనీ ఆ తోటవాళ్ళు మంచివాళ్ళు. పెద్ద పేరున్నవాళ్ళు. మంచి కాయే అన్నారు."

"అయితే మాత్రం? కాయ చేత్తో పట్టుకోకుండా ఎవడు..." అంటూ బంగారయ్య ఆగిపోయాడు. చేతిలో కాయ అలాగే ఉంది.

ముత్యాలు పిల్ల జుట్టులో వేళ్ళు పెట్టి చిక్కు తీస్తూ కూర్చుంది.

"అలా మాటల్లోకి దించడం ఎవరి దగ్గర నేర్చేవే నువ్వు? నాలుగో క్లాసు దాకా కూడా చదవలేదు కదా" అన్నాడు చివరికి.

"చదవనిచ్చుంటే మీకు ఇంకా కష్టంగా ఉండేదండి."

ఈసారి అతను నవ్వలేదు. కాయ కిందపెట్టాడు.

"ఆరుగురిలో ఒకత్తెకి మళ్ళీ వాచిందిట. ఆ ఒకత్తీ నువ్వయితే?"

"కాకినాడాయన ఎందరికి చేసేరండి?"

"అడగలేదు."

"ఎందుకని?"

"అంత పెద్దాయన్ని ఎలా అడుగుతాం?"

"ఆవిణ్ణి మనం అడక్కుండానే చెప్పింది."

బంగారయ్య లేచి వచ్చి పీట పక్కన నేలమీద కూర్చున్నాడు. ఇంటి యజమాని నేలమీద కూర్చుంటే ముత్యాలుకి ఏదోలా ఉంటుంది. లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నీకేదైనా అయితే, పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదన్న మాట నా మెడకి చుట్టుకుంటుంది ముత్యాలూ."

"ఎవరంటారండి?"

"ఎవరూ అనరు. నేనే అనుకుంటాను. బతికున్నన్నాళ్ళూ."

పెళ్ళయిన ఇన్నాళ్ళలో ఆయన భయం అంటూ ఒకటి బయట పెట్టడం ఇదే మొదలు. తన భయమూ చెప్పేద్దామనుకుంది. 'పిల్ల నన్ను మర్చిపోతుందండి' అన్న మాట నోటిదాకా వచ్చింది కూడా.

వీధిలో బండి ఆగింది.

అచ్చాయమ్మ దిగింది. ఎండ నిప్పులు చెరుగుతోంటే ఒంటినిండా దుప్పటి కప్పుకుని ఉంది. బండి తోలే బుల్లబ్బాయి సంచీ అందుకుని వెనకే వస్తున్నాడు. ఎప్పుడూ తన సంచీ ఎవరినీ ముట్టుకోనివ్వని మనిషి, ఈ రోజు వద్దనలేదు.

"అమ్మా! ఎక్కడికెళ్ళేవ్?"

"చెప్పే వెళ్ళేను. వాడపల్లి."

"ప్రసాదం ఏదీ?"

"దార్లో ఆకలేస్తే తినేసేను. ఆరా తీయడానికి నువ్వెవడివిరా, మునసబువా? బుల్లబ్బాయ్, అక్కడ పెట్టెయ్యి నాయనా, చల్లటి మజ్జిగ తాగి వెళ్ళు."

"ఆయ్" అన్నాడు బుల్లబ్బాయి.

పిల్ల నాయనమ్మని చూడగానే కేరింతలు కొడుతూ అడుగులేసుకుంటూ పోయి కాళ్ళకి చుట్టుకుంది. అచ్చాయమ్మ ఎడమచెయ్యి ఒక్కటే చాపి, పిల్లని ఆ చేత్తోనే ఎత్తబోయి, ఎత్తలేక, కిందకి వంగి ముద్దుపెట్టుకుంది.

ముత్యాలు చూసింది. ఆ ఇంట్లో పిల్ల ఎప్పుడూ నాయనమ్మ కుడిభుజం మీదే ఉంటుంది. ఆ భుజం వెనక నిమ్మకాయంత గడ్డ ఒకటి, నొప్పీ గిప్పీ లేనిది, బంగారయ్య పుట్టకముందునుంచీ ఉంది. చిన్నప్పుడు దాన్ని నొక్కుకుంటూ నిద్రపోయేవాణ్ణని అతనే చెప్పాడు. ఇప్పుడు బుల్లి దుర్గకీ అదే అలవాటు. దాన్ని తీయించుకోమని మావగారు బతికున్నన్నాళ్ళూ పోరితే, "నా ఒంటి మీద కత్తి పడే రోజున నేనుండను" అనేదిట ఆవిడ.

ముత్యాలు గోడ పట్టుకుని లేచింది. కాలు మండుతున్నా ఆగకుండా వెళ్ళి అత్తగారి దుప్పటి లాగేసింది.

రవిక కుడిచెయ్యి కుట్టు విప్పి ఉంది. భుజం మీద తెల్లటి కట్టు.

"అయ్యో అత్తయ్యగారూ! ఎవరు కొట్టేరండి మిమ్మల్ని?"

"నన్ను కొట్టేవాళ్ళు ఇంకా పుట్టలేదు. అది తీయించుకొచ్చేను."

పిల్ల కట్టుమీద చెయ్యి వెయ్యబోతే ముత్యాలు గబుక్కున పట్టుకుంది.

"ఎవరు తీసేరు?" అన్నాడు బంగారయ్య.

"ఇంకెవరు? మీరిద్దరూ ఎవరి గురించి కొట్టుకు చస్తున్నారో ఆవిడే. మీ ఇద్దరి మాటలూ నాకక్కర్లేదు. ఒకరు పేరు చూస్తారు, ఒకరు మాట చూస్తారు. చెయ్యి చూసినవాళ్ళెవరు? కోడల్ని ఒక చేతిలో పెట్టేముందు ఆ హస్తవాసి ఎలాంటిదో నా ఒంటిమీద చూసుకుందామని వెళ్ళేను. తప్పా?"

"దానికోసం కోయించుకుంటారా అండీ ఎవరైనా!" అంది ముత్యాలు.

"ఎవరో సంగతి నాకెందుకే అమ్మాయ్. కాలు నీదే. కోడలివి మాత్రం నాకు."

అచ్చాయమ్మ మంచం మీద కూర్చుని, మజ్జిగ ఎడమచేత్తో అందుకుని, తాపీగా మొదలెట్టింది. గోడవైపు కాదు. ముత్యాలువైపే తిరిగి.

"ముందు వివరాలన్నీ అడిగేను. ఏ ఊరు, ఎవరమ్మాయి, నాన్నేం చేస్తాడు, పెళ్ళెందుకు చేసుకోలేదు. అన్నిటికీ నవ్వుతూనే చెప్పింది. పెళ్ళి సంగతి మాత్రం, మీరే చూసిపెట్టండి అంది. తర్వాత ఇది చూపించి కొయ్యమన్నాను. దీనివల్ల మీకేం ప్రమాదం లేదమ్మా, కొయ్యక్కర్లేదు, ఇంటికి వెళ్ళండి అంది. చూసేవా? చేతిలోకొచ్చిన పని వద్దంది. అప్పుడు నేను అబద్ధమాడేను. రాత్రుళ్ళు నొప్పితో నిద్ర పట్టట్లేదన్నాను."

"అమ్మా!"

"ఉండరా. మొద్దుబారే సూదేసి కోసింది. నేను అద్దం అడిగి తెప్పించుకున్నాను. ఆ హన్నా అనే పిల్ల నన్ను తిట్టింది, తల తిప్పకండి మామ్మగారూ అని. తిప్పకపోతే ఎలా కనపడుతుంది? ఆ చెయ్యి వణకలేదే అమ్మాయ్. తొందరా పడలేదు. అంతా కుట్టేసేక, ఒక కుట్టు వంకరొచ్చిందని తనే విప్పి మళ్ళీ కుట్టింది. ముసలిదాని వీపు, రవిక కింద ఉండేది, ఎవరు చూడొచ్చేరు? అయినా విప్పింది."

మజ్జిగ తాగుతున్న బుల్లబ్బాయి కూడా గుటక వెయ్యడం మానేసి వింటున్నాడు.

"అయితే నరసాపురమేనా అమ్మా?" అన్నాడు బంగారయ్య.

"అప్పుడేనా? కోసినంతలో అయిపోయిందా? మానాలి. కుట్లు విప్పేదాకా ఎవరూ ఎక్కడికీ కదలడానికి వీల్లేదు. పుండు శుభ్రంగా మానితే నరసాపురం. చీము పడితే కాకినాడ. మీ బాబాయికి చెప్పెయ్యి, సోమవారం లేదని."

"ఒప్పుకున్నాను" అన్నాడు బంగారయ్య. నెత్తిమీది బరువు ఎవరో దింపినట్టు నిట్టూర్చాడు కూడా.

"నేను ఒప్పుకోను" అంది ముత్యాలు.

తల్లీకొడుకులిద్దరూ ఆమెవైపు చూశారు.

"మీ పుండు మానడానికీ నా కాలికీ ఏవిటండి సంబంధం? మీకేదైనా అయితే ఆ పాపం ఎవరిది? నా కాలు ఇలాగే ఉన్నా బతుకుతాను గానీ..." ఆ తర్వాత ఏడుపే వచ్చింది.

"ఛ, ఊరుకో. పిల్ల జడుసుకుంటుంది" అంది అచ్చాయమ్మ. ఎడమచేత్తో కోడలి తల దగ్గరికి లాక్కుని, చీర చెంగుతో ముక్కు తుడిచింది, పిల్లకి తుడిచినట్టే. "రోజు విడిచి రోజు కట్టు మార్చాలిట. ఇక్కణ్ణుంచి రేవు దాకా బండి మీద తిరగడం నావల్ల కాదు. బట్టలు తీసుకుని సుందరి ఇంటికి పోతాను. కుట్లు విప్పించుకునే వస్తాను. నువ్వు మాత్రం గడప దాటకు. నడిచి పుండు చేసుకున్నావంటే, జ్వరం తెచ్చుకున్నావంటే, ఆవిడ నిన్ను ముట్టుకోదు. అప్పుడు నేను కోయించుకుందంతా దండగ."

"మరి మీకు జ్వరం వస్తే నాకు కబురు చేస్తారా?"

"చేస్తాను."

"నిజంగా?"

అచ్చాయమ్మ పిల్లకి దిష్టిచుక్క చెదిరిందని, దాన్ని దిద్దడంలో పడింది.

ఆ సాయంత్రం చల్లబడ్డాక అదే బండిలో వెళ్ళిపోయింది.

ఒక్క రోజు కూడా ముత్యాలు మనసు మనసులో లేదు. సోమవారం వచ్చింది, వెళ్ళింది. అప్పారావుగారు ముభావంగా రెండుసార్లు వచ్చి, "ఆడవాళ్ళ రాజ్యం" అని కాఫీ తాగి వెళ్ళాడు. తల్లి వెళ్ళిన రెండో నాడే బంగారయ్య సఖినేటిపల్లి వెళ్ళొచ్చాడు.

"బాగానే ఉందిట" అన్నాడు.

"కట్టు చూసేరా?"

"మగాడివి, నీకెందుకు చూపిస్తానని కసిరింది. కసిరిందంటే బాగున్నట్టే కదా."

ఆ ధైర్యంతోనే కాయల లోడు తీసుకుని తుని సంతకి బయల్దేరాడు.

అతను వెళ్ళిన మర్నాడు బుల్లబ్బాయి ఊళ్ళోకి ఎవరినో దింపి, మంచినీళ్ళకి ఆగాడు.

"మా అత్తయ్యగారు కనపడ్డారా?"

"ఆయ్, కనపడ్డారండి. బాగున్నారండి. కోడలికి చెప్పు, దివ్యంగా మానిపోతోందని చెప్పమన్నారండి."

"నడుస్తున్నారా?"

"లేదండి. మంచం మీంచే చెప్పేరండి. దుప్పటి కప్పుకుని ఉన్నారండి."

ముత్యాలు చేతిలో చెంబు ఆగిపోయింది. "ఈ ఎండల్లో దుప్పటేవిటి బుల్లబ్బాయ్?"

బుల్లబ్బాయి తల గోక్కున్నాడు. "అదేనండి, నేనూ అనుకున్నానండి. సుందరమ్మగారు ఏదో చెప్పబోతే, ఆవిడ కళ్ళెర్రజేసేరండి."

బండి వెళ్ళిపోయింది. ముత్యాలు గడప దగ్గర నిలబడిపోయింది.

ఇప్పుడు ఆమెకి అంతా అర్థమైంది. పందెం కట్టింది అచ్చాయమ్మే. కానీ ఆ చెయ్యి మంచిదని ఆవిడ మనసులో ఎప్పుడో తేల్చేసుకుంది. ఇంక చీము పట్టినా, జ్వరం వచ్చినా బయటపెట్టదు. బయటపెడితే కోడలు కాకినాడ వెళ్ళాలి. దాచుకుంటే నరసాపురం వెళ్ళొచ్చు. ఆ దాచుకోవడంలో ఏమైపోతుందో ఆవిడకి లెక్కలేదు.

వెళ్దామంటే సఖినేటిపల్లి దాకా బండి కుదుపుల్లో కూర్చోవాలి, దిగి నడవాలి. నడిస్తే తొడ ఒరుసుకుంటుంది, పుండు, జ్వరం. ఆవిడ ఎందుకోసం ఒళ్ళు కోయించుకుందో అదంతా ఏట్లో పోసినట్టే. వెళ్ళకపోతే, నిజం చెప్పేవాళ్ళు లేరు. ఆయన తునిలో ఉన్నారు. ముత్యాలు ఒక కాలు గడప బయట పెట్టింది. పెట్టినదాన్ని వెనక్కి తీసుకోలేదు. రెండోది ముందుకి వెయ్యనూ లేదు. పిల్ల చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగుతోంది.

ఇది చదువుతున్న అక్కయ్యలూ, అమ్మలూ, మీలో ఎవరికైనా ఈ వారంలో సఖినేటిపల్లి రేవు దాటే పనుంటే, ఒక్క మేలు చెయ్యండి. పడవ దిగి పైకి రాగానే కుడివైపు తాటాకుల పందిరి ఉన్నది సుందరి ఇల్లు. లోపలికి వెళ్ళి అచ్చాయమ్మని పలకరించండి. ఎలా ఉందని మాత్రం అడక్కండి, బాగుందనే అంటుంది. దాహంగా ఉందని మంచినీళ్ళు అడగండి. మంచం దిగి వస్తుందో లేదో చూడండి. చెంబు అందుకునేటప్పుడు ఆవిడ వేళ్ళు మీ చేతికి తగులుతాయి. ఆ వేళ్ళు కాలుతున్నాయేమో చూసి, ఆవిడ ఎంత బతిమాలినా సరే, ముత్యాలుకి ఉన్నదున్నట్టు చెప్పండి.